గుంట గట్టు మీది కబురు యంత్రాలు



ఈ పూట విత్తనం గురించి గాని, ఎరువు గురించి గాని చెప్పబోవడం లేదు. మనం చేసే పనిని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం. ఏ పని తీసుకున్నా అందులో మూడు పాళ్లు వుంటాయి. కళ్లతో చూడడం ఒకటి, చూసినదాన్ని బట్టి ఏం చెయ్యాలో తేల్చుకోవడం ఒకటి, చేతులతో చెయ్యడం ఒకటి. పూర్వం ఈ మూడూ ఒకే మనిషిలో వుండేవి. మడి గట్టు మీద నిలబడి పైరు రంగు చూసినవాడే, నీళ్లు పెట్టాలా తియ్యాలా అని తేల్చుకొని, తానే పార పట్టి మడవ తీసేవాడు. ఇప్పుడు సెల్‌ఫోనులు, నీటిలో వేలాడే కొలత కడ్డీలు, కెమెరాలు, ఆకాశంలో ఉపగ్రహాలు వచ్చి ఈ మూడు పాళ్లనూ విడదీస్తున్నవి. చూసేది ఒకరు, తేల్చేది ఇంకొకరు, చేసేది మరొకరు. నెల్లూరు సముద్రతీరాన కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాలలో ఈ మార్పు మన కళ్లముందే జరుగుతున్నది. ఈ సామానులకు పెద్ద పెద్ద పేర్లు వున్నాయి గాని, మనం వీటిని కబురు యంత్రాలు అనుకుందాం. అవి చేసే పని అదే గనుక. ఒకచోటి కబురును మరొకచోటికి చేరుస్తాయి. అయితే ఆ కబురు యెవరికి చేరుతున్నది? అసలు సంగతి అక్కడ వున్నది.

ముందుగా రొయ్యల గుంట సంగతి చూద్దాం. మన తీరంలో 1990 ప్రాంతాల్లో టైగరు రొయ్య సాగు యెట్లా పొంగిందో, 1994-95లో తెల్లమచ్చ తెగులు తగిలి యెట్లా కుంగిందో పెద్దవారికి జ్ఞాపకమే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009లో వనామీ రొయ్యకు అనుమతి, ఇట్లా ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఆ చరిత్ర అంతా ఇక్కడ అక్కరలేదు. ఒక్క ముక్క చాలు. వనామీతోపాటు పిల్లను దట్టంగా వెయ్యడం అలవాటయింది. దట్టంగా పిల్ల వేసిన గుంట గడ్డివాము పక్కన దీపం లాంటిది. క్షణం ఏమరుపాటు కూడా పనికిరాదు.

ఎందుచేతనంటారా? గుంట నీటిలో కంటికి విడిగా ఆనని పచ్చని నాచు వుంటుంది. ఎండ వున్నంతసేపు అది నీటిలోకి ప్రాణవాయువును వదులుతుంది. పొద్దు కుంకిన తరువాత కథ తిరగబడుతుంది. రొయ్యతోపాటు ఆ నాచూ, అడుగున కుళ్లే మేతలోని సూక్ష్మజీవులూ అన్నీ కలిసి ఆ వాయువునే పీల్చుకుంటాయి. అందుచేత తెల్లవారుజామున, పొద్దు పొడవబోయే ముందు, నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగా వుంటుంది. లీటరు నీటిలో నాలుగు మిల్లీగ్రాములకు తగ్గనివ్వకూడదని నిపుణులు చెబుతారు. బాగా తగ్గిందంటే రొయ్య మేత మానుతుంది. ఇంకా దిగితే గట్టుకు వచ్చి తేలుతుంది. ముసురు పట్టిన రోజుల్లో నాచుకు ఎండ చాలదు గనుక ప్రమాదం మరీ యెక్కువ. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, దట్టమైన గుంటలో గంట గడవకుండానే ముప్పు రావచ్చు.

దీన్ని ఇన్నాళ్లూ కనిపెట్టినది యెవరు? గట్టు మీద పాకలో పడుకొనే కాపలా మనిషి. టార్చిలైటు తీసుకొని గట్టు వారగా నడిచేవాడు. వెలుతురు పడితే రొయ్య కళ్లు నిప్పురవ్వల్లా మెరుస్తాయి. అవి గట్టు దగ్గర యెక్కువగా మెరిస్తే అతనికి అనుమానం. నీటి వాసన మారినా, నురుగు విరగకుండా నిలిచినా అనుమానం. ఏరియేటరు చప్పుడులో తేడా వస్తే నిద్రలోంచి కూడా లేచేవాడు. మన ప్రాంతంలో ఈ కాపలా పనుల్లో యానాది కుటుంబాలవారు చాలామంది వున్నారు. చేపను, పీతను, నీటి పోకడను వారు యెరిగినట్లు చదువుకున్న మనం యెరుగం. ఆ యెరుక ఏ కాగితం మీదా లేదు, జీతంలో దానికి లెక్కా లేదు. కాని పంట దాని మీదనే నిలబడింది.

ఇప్పుడు ఆ చోటికి యంత్రం వచ్చింది. మన రాష్ట్రంలోనే, విజయవాడలో, 2012లో ఏరువాక టెక్నాలజీస్ అనే సంస్థ ఇటువంటి యంత్రాలతో మొదలైంది. తొలకరికి అరక కట్టే పండుగ పేరే పెట్టుకున్నారు. నీటిలో తేలే పరికరం ప్రాణవాయువును కొలిచి, ఆ అంకెను గాలిలోనే ఫోనుకు పంపుతుంది. తక్కువైతే హెచ్చరిక చేస్తుంది. ఏరియేటరును ఫోను మీద నుంచే వెయ్యడానికి, ఆపడానికి ఏర్పాట్లు వున్నాయి. ఇది మంచి సంగతే. మనిషి కన్ను రాత్రంతా ఒకే తీరున మేలుకొని వుండలేదు. యంత్రానికి నిద్ర లేదు. రొయ్య గట్టుకు తేలిన తరువాత మనిషికి తెలిసేది, యంత్రానికి అంతకు చాలా ముందే తెలుస్తుంది.

అయితే ఒకటి ఆలోచించండి. తెల్లవారుజామున మూడుగంటలకు హెచ్చరిక వచ్చింది. యెవరి ఫోనుకు? యంత్రం కొన్నది యజమాని. పేరు, నంబరు ఆయనవే. ఆయన నెల్లూరులో ఇంట్లో పడుకొని వున్నారు. ఫోను మోగి, మెలకువ వచ్చి, కళ్లద్దాలు వెతుక్కొని, ఏ గుంటో చూసుకొని, కాపలా మనిషికి ఫోను కలిపి, అతను లేచి జనరేటరు తిప్పేసరికి యెంతసేపయింది? గుంటకు పది బారల దూరంలో పడుకొన్న మనిషికి తెలియవలసిన కబురు, ఇరవై ఐదు కిలోమీటర్లు పోయి తిరిగి వచ్చింది. ఇంకా పెద్ద నష్టం మరొకటి వున్నది. “నీకెందుకబ్బయా, మిషను చూసుకుంటా వుంది గదా” అని ఒక్కసారి అన్నామంటే, ఆ మనిషి టార్చి పట్టుకొని తిరగడం మానేస్తాడు. మానెయ్యడం అతని తప్పు కాదు. చూసే పాలు అతని పనిలోంచి మనమే తీసివేశాం. ఒక కారులో యంత్రం నిలబడింది, కన్ను పోయింది. రెండో కారుకు యంత్రం మొరాయిస్తే చూసేవాడు లేడు.

కాబట్టి యంత్రం పెట్టించేటప్పుడు దాని ధర ఒక్కటే అడగవద్దు. మొదటి హెచ్చరిక గట్టు మీది మనిషికి పోతుందా అని అడగండి. ఇంగ్లీషు అక్షరాల మెసేజి అతనికి ఉపయోగం లేదు. ఫోను మోగి తెలుగు మాటలో “మూడో గుంటలో గాలి తక్కువైంది” అని వినపడాలి. పాక దగ్గర ఒక సైరను గాని, ఎర్రదీపం గాని వుంటే మరీ మంచిది. యజమానికి, టెక్నీషియనుకు కబురు తరువాత పోయినా ఫరవాలేదు. ఇక రెండోది, అధికారం. “నన్ను అడక్కుండా జనరేటరు వెయ్యవద్దు, డీజిలు ఖర్చు” అని కట్టడి చేసిన గుంటలు వున్నాయి. కబురు చేరినా చెయ్యడానికి సెలవు లేకపోతే ఆ కబురు ఏం లాభం? నాలుగుకు దిగితే ఇన్ని ఏరియేటర్లు, మూడున్నరకు దిగితే అన్నీ, కరెంటు పోతే యెవరినీ అడగకుండా జనరేటరు అని ముందే తేల్చి, పాక గోడ మీద రాసిపెట్టండి. చదువు రాకపోతే బొమ్మ వేసి పెట్టండి. పది లీటర్ల డీజిలు వృథా అయినా, గుంట పోయినంత నష్టం కాదు గదా!

మేత విషయం ఇంతకంటె సూక్ష్మమైనది. రొయ్యల సాగు ఖర్చులో దాదాపు సగం మేతదే. మేత వేసేవాడు చెక్ ట్రేలు లేపి చూసి, మిగిలినదాన్ని బట్టి మరుపూట మేత పెంచేవాడు, తగ్గించేవాడు. ఇప్పుడు మేతను కొంచెం కొంచెంగా తానే విసిరే యంత్రాలు వచ్చినవి. నీటిలో మైకు వంటిది దించి, రొయ్యలు మేత కొరికే చప్పుడు విని, ఆకలిని బట్టి వదిలేవి కూడా వున్నాయి. రొయ్య నమిలే చప్పుడు వినగల యంత్రమంటే రేడియోవారికి కూడా అసూయ పుడుతుంది! ఇవికాక, బరువు, సంఖ్య చెబితే ఈ రోజు ఇంత మేత అని లెక్కగట్టి చెప్పే ఫోను యాపులు చాలా వున్నాయి.

ఆ లెక్క యెట్లా నడుస్తుందో ఒకసారి మనమే వేసి చూద్దాం. లక్ష పిల్ల వేశారు. నూటికి ఎనభై బ్రతికి వున్నాయనుకున్నారు. సగటు బరువు పదిహేను గ్రాములు. అంటే ఎనభై వేల రొయ్య, 1,200 కిలోలు. నూటికి మూడు వంతున మేత అనుకుంటే రోజుకు 36 కిలోలు. ఇప్పుడు నిజంగా బ్రతికినవి నూటికి అరవయ్యే అనుకోండి. గుంటలో వున్నది 900 కిలోలు, కావలసిన మేత 27 కిలోలు. తేడా రోజుకు 9 కిలోలు, పది రోజులకు 90 కిలోలు. ఆ మేత యెక్కడికి పోతుంది? అడుగున చేరి కుళ్లుతుంది, అమ్మోనియా పుడుతుంది, ఇందాక చెప్పుకున్న ప్రాణవాయువును తినేస్తుంది. ఫోనులో లెక్క మాత్రం తప్పలేదు. అంకెలన్నీ చక్కగా కూడినవి. తప్పింది ఆ “నూటికి ఎనభై” అనే మాట. ఆ మాట యెవరు చెప్పారు? విసురువల వేసి చూసినవాడు చెప్పాలి. వల యెక్కడ వేశాడు, యెన్నిసార్లు వేశాడు, వల బరువు ఏమనిపించింది, ట్రేలో మేత యెంతసేపటికి అయిపోయింది అనే సంగతులు అతనికే తెలుసు. అతణ్ణి కూర్చోబెట్టి అడిగి, ఆ తరువాత అంకె కొట్టాలి. యజమాని టౌనులో కూర్చుని తన ఆశను అంకెగా కొడితే, యంత్రం ఆ ఆశకు కూడా మేత లెక్క కడుతుంది.

ఇంకొక పని వున్నది. దీన్ని యంత్రం అమ్మేవారు తొందరపడి చెప్పరు. నీటిలో వేలాడే కొలత కడ్డీకి కొన్ని రోజుల్లోనే పాచి పడుతుంది, జిగురు కడుతుంది. అప్పుడు అది చూపేది గుంటలోని గాలిని కాదు, తన ఒంటి మీది పాచిని. దాన్ని తీసి, మంచినీటితో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, చేతి మీటరుతో సరిచూడాలి. యంత్రం వచ్చి పని తగ్గించిందంటారు గాని, ఇది కొత్తగా వచ్చిన పని. ఈ పని యెవరి పేర రాశారు? యెవరి పేరా రాయలేదు. అందుకే యెవరూ చెయ్యరు. మేత వేసే మనిషికే ఇది నేర్పి, అతని పనిలో గంట దీనికి కేటాయించి, జీతంలో కూడా ఆ నేర్పును లెక్కించండి. యంత్రం వచ్చిందని ఇద్దరు మనుషులను మానిపించి, మిగిలినవాని మీద నాలుగు గుంటలు మోపితే, పాచి తుడిచే తీరిక అతనికి యెక్కడిది?

ఇటువంటిది మనకే వచ్చిందనుకోకండి. అమెరికాలో కాగితపు గుజ్జు మిల్లుల్లో కంప్యూటర్లు పెట్టినప్పుడు ఇదే జరిగింది. గుజ్జును చేత్తో పట్టి, వాసన చూసి పాకం తేల్చిన కార్మికులను అద్దాల గదిలో తెరల ముందు కూర్చోబెట్టారు. చేతిలోని విద్య తెర మీద అంకెలయింది. షోషానా జుబాఫ్ అనే పండితురాలు ఆ మిల్లులు తిరిగి చూసి 1988లో ‘ఇన్ ద ఏజ్ ఆఫ్ ద స్మార్ట్ మెషిన్’ అనే పుస్తకం రాసింది. ఆమె చూసినదాంట్లో మనకు పనికివచ్చే సంగతి ఇది. ఒకే యంత్రాన్ని రెండు విధాల వాడవచ్చు. మనిషిని తప్పించడానికి వాడవచ్చు. లేదా, ఇదివరకు కనపడని సంగతులను పనివానికే చూపించి, అతని తెలివిని పెంచడానికి వాడవచ్చు. ఏది జరిగేదీ యంత్రం తేల్చదు, దాన్ని పెట్టించినవారు తేలుస్తారు.

కెమెరాల సంగతి కూడా ఇంతే. దొంగతనానికని గుంట మీద కెమెరా పెడతారు. మేత బస్తాలు, మోటార్లు, ఏకంగా రొయ్యలే పోతున్నప్పుడు తప్పు పట్టలేం. కాని కొన్నాళ్లకు ఆ కెమెరా గుంటను చూడడం మాని మనిషిని చూస్తుంది. ఎంతసేపు కూర్చున్నాడు, యెప్పుడు పడుకున్నాడు అని టౌనులోంచి ఫోను వస్తుంది. రాత్రి మూడింటికి మేలుకోవలసినవాడు మధ్యాహ్నం రెండింటికి పడుకోక ఏం చేస్తాడు? తెర మీద కునుకు కనపడుతుంది గాని, రాత్రి మేలుకోవడం కనపడదు. కెమెరా పెడితే ఎందుకు పెట్టారో, యెవరు చూస్తారో అతనికి ముందే చెప్పండి. పాక లోపలికి, ఆడవారు మసలేచోటికి దాన్ని తిప్పకండి.

ఇప్పుడు గుంట దాటి సముద్రం మీదికి పోదాం. అక్కడ ఈ మార్పు మరొక రకంగా వచ్చింది. మన తీరం బల్లపరుపు తీరం. తాటితోపు, గోపురం, దీపస్తంభం ఒకదానికొకటి యెట్లా వరసకు వస్తున్నవో చూసుకొని, వేట తావులను గుర్తుపెట్టుకొనేవారు పెద్దలు. నీటి రంగు, పిట్టల వాలు, అడుగు నీటి లాగు చూసి వల వేసేవారు. ఇప్పుడు జీపీఎస్ యంత్రంలో తావును అంకెలుగా దాచుకుంటున్నారు. దానికితోడు హైదరాబాదులో 1999లో ఏర్పడ్డ భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్ అంటారే, అది చేపలు చేరే అవకాశమున్న తావులను చెబుతున్నది. ఉపగ్రహం సముద్రం పైనీటి వేడిని, నీటిలోని పచ్చదనాన్ని కొలుస్తుంది. చల్లనీరు, వెచ్చనీరు తగిలే అంచుల్లో చేపకు మేత పెరుగుతుంది. ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, యెన్ని కిలోమీటర్లలో, యెంత లోతున అని కబురు వస్తుంది. అవకాశం వున్నదని చెబుతుందే గాని చేప వున్నదని ప్రమాణం చెయ్యదు. దట్టంగా మబ్బు పడితే ఉపగ్రహానికి నీరు కనపడదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధకాలంలో ఈ కబురు వుండదు.

దీనివల్ల పడవలో పని యెట్లా మారింది? వెతుకులాట తగ్గి డీజిలు మిగులుతుంది, అది లాభం. కాని పడవలో మాట చెల్లేది ఇదివరకు పెద్ద తలకాయది. ఇప్పుడు ఫోను చదివే కుర్రవానిది కూడా. ఇది మంచికే అని నా అభిప్రాయం, ఒక షరతు మీద. కుర్రవాడు దిక్కు, దూరం చదివి చెప్పాలి, పెద్దవాడు ఆ పూట నీటి లాగు చూసి వెళ్లాలా వద్దా తేల్చాలి. ఒకరి మాట ఒకరు వినకపోతే, ఉపగ్రహం చెప్పిన తావుకు పది పడవలు చేరి వలలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటారు. అలల ఎత్తు, గాలి వేగం హెచ్చరికల్లో మాత్రం తర్కం వద్దు. వెళ్లవద్దంటే వెళ్లవద్దు.

ధర విషయంలో కేరళ అనుభవం చెప్పుకోదగినది. అక్కడ 1997 నుంచి 2001 లోపల ఉత్తర తీరానికి సెల్‌ఫోనులు వచ్చినవి. అంతకుముందు ఒక రేవులో కవ్వలు కొనే దిక్కులేక సముద్రంలో పారబోస్తుంటే, కొద్ది మైళ్ల దూరంలోని రేవులో చేప దొరక్క జనం ఇబ్బంది పడేవారు. ఫోనులు వచ్చాక పడవ మీద నుంచే ధర కనుక్కొని, గిరాకీ వున్న రేవుకు తిప్పారు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త లెక్కగట్టి 2007లో ప్రకటించినదాని ప్రకారం జాలరి లాభం నూటికి ఎనిమిది పెరిగింది, కొనేవానికి ధర నూటికి నాలుగు తగ్గింది, పారబోత దాదాపు పోయింది. అయితే అప్పు ఇచ్చిన వ్యాపారికే చేప ఇవ్వాలనే కట్టుబాటు వున్నచోట, ఫోనులో ధర తెలిసినా పడవ తిప్పే స్వేచ్ఛ వుండదు. మన తీరంలో ఆ కట్టుబాటు యెంతమందికి వున్నదో మీకు చెప్పనక్కరలేదు.

ఒక తేడా గమనించండి. రేడియో కూడా కబురు యంత్రమే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను నాటికి మన పల్లెల్లో సెల్‌ఫోను లేదు. రేడియో గట్టిగా పెడితే ఆ వాడ అంతా వినేది. యజమానీ విన్నాడు, కూలీ విన్నాడు, వంట చేసుకుంటున్న ఇల్లాలూ విన్నది. ఫోను అట్లా కాదు. పట్టుకొన్నవానికే చెబుతుంది. పుదుచ్చేరి దగ్గర వీరాంపట్టణం అనే జాలరిపల్లెలో, 1998లో మొదలైన ఒక పథకం కింద, ఈ సంగతిని బాగా గ్రహించారు. ఆ ఊరి సమాచార కేంద్రంలోని పిల్లలు అలల ఎత్తును అమెరికా నౌకాదళంవారి ఇంటర్నెట్ పేజీ నుంచి తీసుకొని, ఇసుక మీద స్తంభాలకు కట్టిన మైకుల్లో తమిళంలో చదివారు. కంప్యూటరు ఒకటే, వినేవారు ఊరంతా. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన ఉదయం, అదే ప్రాంతంలోని నల్లవాడు పల్లెకు సింగపూరులో వున్న ఆ ఊరి కుర్రవాడు ఫోను చేశాడు. ఊరివారు కేంద్రం తలుపు పగులగొట్టి, మైకులో కేక వేసి, జనాన్ని ఒడ్డు నుంచి పంపించివేశారు. ఫోను ఒక్కరికి వచ్చింది, మైకు అందరికీ చేర్చింది. మన రేవుల్లో కూడా ఫోనులో వచ్చిన సముద్రపు హెచ్చరికను మైకులో చదివే మనిషిని ఒకరిని పేరు పెట్టి నియమించుకోవాలి. గుడి మైకు అయినా సరే, మసీదు మైకు అయినా సరే, చర్చి మైకు అయినా సరే.

చివరగా, ఊళ్లలో తిరిగే మా తమ్ముళ్లు, చెల్లెళ్ల సంగతి. 1952లో సమాజ వికాస పథకం వచ్చినప్పుడు గ్రామసేవకుడు సైకిలు మీద తిరిగి, సాయంకాలం డైరీ రాసేవాడు. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ఏర్పడి, వ్యవసాయానికి, ఉద్యానానికి, మత్స్యశాఖకు సహాయకులు వచ్చారు. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు వచ్చినవి. 2024 తరువాత వాటినే రైతు సేవా కేంద్రాలు అంటున్నాం. వీరి చేతిలో డైరీ బదులు ఫోను వున్నది. ఈ-పంట నమోదుకు పొలానికే పోయి, అక్కడే నిలబడి ఫోటో తియ్యాలి. యెక్కడ నిలబడి తీసిందీ ఫోనుకు తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని రాసే దొంగలెక్కలకు ఇది మంచి కళ్లెం. అయినా ఇందులో ఒక చిక్కు వున్నది. ఫోనులో గడి వున్నదే పనిగా లెక్కకు వస్తుంది. ఎన్ని సర్వే నంబర్లు ఎక్కించారని పై అధికారి అడుగుతాడు. ఒక రైతు మడిలో అరగంట నిలబడి, నెల్లూరు మసూరికి అగ్గితెగులు మచ్చ యెట్లా వుంటుందో, దోమపోటు మొదలు దగ్గర యెట్లా వెతకాలో చూపిస్తే, దానికి గడి లేదు. గడి లేని పని క్రమంగా మరుగున పడుతుంది. అధికారులు నెలకు కొన్ని రోజులు నమోదు పని లేకుండా ఉత్త మాటలకే వదిలితే, రైతు ఏమంటున్నాడో వారి చెవిన పడుతుంది.

రైతులకూ ఒక పని వున్నది. ధాన్యం కొనుగోలుకు, పంటల బీమాకు, నష్టపరిహారానికి ఈ నమోదే ఆధారం. తెర మీద ఒక్క అంకె మారినా, కోతలయ్యాక అది దిద్దడం కష్టం. నమోదు అయిన తరువాత జాబితాను రైతు సేవా కేంద్రంలో అందరూ చూసేటట్టు పెడతారు. వెళ్లి మీ పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం నాలుగూ చూసుకోండి. కౌలుదారులు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు తీసుకొని వుంటే దాని నకలు తీసుకొనిపోయి, సాగు చేసేవారి పేరు మీదే వున్నదా, పొలం ఆసామి పేరు వచ్చిందా చూడండి. తేడా వుంటే గడువు లోపలే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి. పైరు, తెగులు సందేహాలుంటే కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు ఉదయం ఆరు నుంచి రాత్రి పది లోపల డబ్బు ఖర్చు లేకుండా ఫోను చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. ఫోను చేసేటప్పుడు స్పీకరు వేసి, పక్కన మందు కొట్టే మనిషిని కూడా కూర్చోబెట్టుకోండి.